పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, ఇంకొకటి పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ళ కాలి కింద. ఆ రెండో బ్రేకు ఎలా వేస్తారన్న దాంట్లోనే నేర్పేవాళ్ళ పనితనం తెలిసిపోతుంది. కొత్తగా నేర్పేవాళ్ళు దబీమని తొక్కుతారు. కారు ఎగిరిపడుతుంది, స్టీరింగ్ పట్టుకున్నవాడి గుండె జారిపోతుంది, మర్నాడు వాడికి కడుపునొప్పి వస్తుంది. ఓ పేట డ్రైవింగ్ స్కూలు మేడమ్ మాత్రం అలా కాదు. నేర్చుకునేవాడు బ్రేకు మీద కాలు పెట్టబోయే క్షణం కంటే ఓ రవ్వ ముందే ఆవిడ బొటనవేలు కదులుతుంది. కారు నెమ్మదిగా ఆగుతుంది. "భలే ఆపావు బాబూ" అంటుందావిడ. వాడు నిజంగా తానే ఆపాననుకుని పొంగిపోతాడు. అలా పొంగిపొంగి కొన్నాళ్ళకి నిజంగానే ఆపడం నేర్చుకుంటాడు.

ఆ విద్య ఆవిడకి నేర్పింది మొగుడే. అందరూ మాస్టారంటారు. ఆ పేటలో కార్లు నడిపేవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర తిట్లు తినకుండా నేర్చుకున్నవాళ్ళే. ఆడవాళ్ళకి నేర్పడానికి ఆడమనిషి ఉంటే బాగుంటుందని పెళ్ళైన కొత్తలో భార్యని పక్కన కూర్చోబెట్టుకుని తయారుచేశాడు. తర్వాత ఆవిడ తనని మించిపోయిందని ఆయనే పదిమందిలో చెప్పేవాడు. అలా చెప్పే మొగుళ్ళు ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషికి కళ్ళు పచ్చబడ్డాయి. మొదట నిద్ర చాలక అనుకున్నారు. తర్వాత ఒళ్ళంతా దురద, కాళ్ళ వాపు, పొట్ట ముందుకి రావడం. సీటు బెల్టు పట్టడం లేదని, కారు కంపెనీవాళ్ళు పీనాసితనంతో బెల్టులు కురచ చేస్తున్నారని జోకులు వేసేవాడు. ఆస్పత్రికి వెళ్తే లివర్ గట్టిపడిపోయిందన్నారు. ఎప్పుడో పట్టిన కొవ్వు లోపల్లోపలే పుండు చేసి, ఆ పుండు మానుతూ మళ్ళీ రేగుతూ, చివరికి మెత్తటి లివర్ కాస్తా మచ్చలు కట్టిన రాయిలా అయిపోయిందట. ముందుముందు మార్చాల్సి రావచ్చు, అంతవరకూ ఉన్నదాన్ని కాపాడుకోవాలి అంది డాక్టరమ్మ. మాస్టారు జన్మలో మందు ముట్టలేదు. ఆ మాట నమ్మినవాళ్ళు తక్కువ. నిప్పు లేకుండా పొగ వస్తుందా అని ఎదురింటివాళ్ళు, పాపం ఆవిడెంత గుట్టుగా నెట్టుకొచ్చిందో అని పక్కింటివాళ్ళు. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి మూకుడు లేదు. మేడమ్ కొన్నాళ్ళు అందరికీ చెప్పి చూసింది, తర్వాత ఊరుకుంది.

ఇంట్లో ఉప్పు డబ్బా పై అరలోకి ఎక్కింది. పొద్దున్నే ఆయన్ని బరువు తూయడం, కాలి మడమ మీద వేలితో నొక్కి గుంట ఎంతసేపట్లో పూడుతుందో చూడటం ఆవిడకి పళ్ళు తోముకోవడంలా అలవాటైపోయింది. ఇవన్నీ ఆవిడ ధైర్యంగానే చేసింది. ఆవిడకి మొదటిసారి నిజంగా భయం వేసింది ఓ మధ్యాహ్నం వంటింట్లో. మాస్టారు ఫ్రిజ్జు తలుపు తెరిచి, దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుని, భుజం మీదుగా చెయ్యి వెనక్కి పెట్టి దేనికోసమో తడుముకుంటున్నాడు. ఏం కావాలండీ అంటే, "బెల్టు దొరకట్లేదే" అన్నాడు. గొంతులో తేడా ఏమీ లేదు. ఫ్రిజ్జులోంచి చల్లటి గాలి ఆయన మొహం మీద కొడుతోంది, ఆయన ఎదర రోడ్డు చూస్తున్నట్టు పాలగిన్నె వైపు చూస్తున్నాడు.

లివర్ శుభ్రం చెయ్యాల్సిన మలినం శుభ్రం కాకపోతే రక్తంలో కలిసి మెదడుకెక్కుతుందని అప్పుడు తెలిసింది. ఆస్పత్రిలో ఉంచి తేరుకున్నాక పంపించారు. పాకంలా తియ్యగా ఉండే సిరప్ ఒకటి రాసిచ్చారు. రోజుకి రెండు మూడుసార్లు విరేచనమైతేనే ఆ మలినం బయటికి పోతుంది, ఒక్కపూట కూడా మానొద్దు అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. ఇంకోమాట కూడా చెప్పింది. తను చెప్పేదాకా స్టీరింగ్ ముట్టుకోకూడదు, నేర్పకూడదు. ఈ జబ్బు వెనకాల నక్కి వస్తుంది, రోగికి తాను బాగానే ఉన్నాననిపిస్తుంది, పనిలో మాత్రం అరక్షణం వెనకబడతాడు. ఆ అరక్షణం రక్తపరీక్షలో దొరకదు, పక్కన ఉండేవాళ్ళకే తెలుస్తుంది అంది.

మేడమ్ అన్నీ తలూపుతూ వింది. స్కూలు ఒక్కతే నడిపింది. మాస్టారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కారు బయటికి తీసేటప్పుడు చూసేవాడు, లోపలికి పెట్టేటప్పుడు చూసేవాడు. మొదట్లో గేరు శబ్దం విని ఎవరు నడుపుతున్నారో చెప్పేవాడు. తర్వాత అదీ మానేశాడు. అన్నం ముద్దలు కలిపి కలిపి వదిలేసేవాడు. గడ్డం చేసుకోమంటే ఎవరు చూడొచ్చారు అనేవాడు. ఒకరోజు గోడవైపు తిరిగి పడుకుని, తనని బతికించి ఇలా కుర్చీలో పెట్టడం కంటే మొదటిసారే వదిలేసి ఉండాల్సింది అన్నాడు. కోపంగా అని ఉంటే అంత బాధ లేకపోయేది, మామూలుగా అన్నాడు.

ఆ మాటకి మేడమ్ కరిగిపోయింది. ఆదివారం పొద్దున్న, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్క చుట్టు తిరిగొద్దాం రమ్మంది. ఆయన డ్రైవరు సీట్లో, ఆవిడ పక్క సీట్లో. రెండో బ్రేకు ఆవిడ కాలి కింద ఉండగా భయమేమిటనుకుంది. నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి ఫ్లైఓవరు దాటి సిగ్నలు దాకా వెళ్ళి వెనక్కొచ్చారు. ఆయన చక్కగానే నడిపాడు. ఇంటికొచ్చి అన్నమంతా తిన్నాడు. గడ్డం గీసుకున్నాడు. "నువ్వు పక్కన కూర్చుంటే నాకు మళ్ళీ పెళ్ళి చూపుల్లా ఉందే" అన్నాడు. ఆవిడ సిగ్గుపడింది, ఆ వయసులో. ఆ సంతోషం ఆవిడకి ఎంత ఖరీదైందో తర్వాత తెలిసింది.

రెండో ఆదివారం ఓ సైకిలు అడ్డొచ్చింది. మాస్టారు చూశాడు, చూసినట్టే ఉన్నాడు, కానీ కాలు కదలడానికి వెనకాడింది. మేడమ్ బొటనవేలు దానంతటదే కదిలింది. కారు మెత్తగా నెమ్మదించింది, సైకిలు దాటిపోయింది. ఆయన తలతిప్పి, "కుర్రాళ్ళకి రోడ్డంటే లెక్కలేదు. నేను కాబట్టి సరిపోయింది" అన్నాడు. ఆవిడ నోరు తెరిచింది. ఆయన మొహంలో వెలుగు చూసి మూసుకుంది. "అవునండీ" అంది.

అంతే, అక్కడ మొదలైంది. వేరే ఇంట్లో ఇల్లాలైతే కెవ్వున అరిచేది, కారాపించేది, తాళం లాక్కునేది. ఈవిడకి అరవడం రాదు. బ్రేకు వేసినట్టు అవతలివాడికి తెలియకూడదు, తెలిస్తే వాడు కుంగిపోతాడు అన్నది ఆవిడ ఒంట్లో రక్తంలా కలిసిపోయింది. ఎన్నో ఏళ్ళుగా చేతకానివాళ్ళని చేతనైనవాళ్ళుగా చేసిన కాలు అది. నేర్చుకునేవాడు రోజురోజుకీ పైకెక్కుతాడు, ఈయన రోజురోజుకీ జారుతున్నాడు అన్న తేడా ఆ కాలికి తెలియదు.

ఆదివారాలు గడిచాయి. ముందు ఒక్కసారి వేసిన బ్రేకు, తర్వాత మలుపు మలుపుకీ వెయ్యాల్సొచ్చింది. కిటికీ సర్దుతున్నట్టు వంగి స్టీరింగ్ మీద ఓ వేలు వెయ్యడం, ఆ చెట్టు చూడండి అంటూ ఆయన చూపుని రోడ్డు మీదకి తిప్పడం కూడా నేర్చుకుంది. ఇంటికొచ్చేసరికి ఆవిడ కుడికాలి పిక్క రాయిలా బిగుసుకుపోయేది. మాస్టారు మాత్రం ఈల వేసుకుంటూ దిగేవాడు. తన చెయ్యి మళ్ళీ వచ్చేసిందని, లివర్ గివర్ అంతా డాక్టర్లు బెదిరించడానికి చెప్పేదేనని అనేవాడు.

మాస్టారి అక్క ఒక ఆదివారం వెనక సీట్లో కూర్చుంది. ఆవిడ మొదట్నుంచీ మరదలు మీద కత్తి నూరుతూనే ఉంది, పులిలాంటి తమ్ముణ్ణి తీసుకెళ్ళి కుర్చీకి కట్టేసిందని. కారు ఫ్లైఓవరు ఎక్కి దిగి ఇంటికొచ్చేసరికి ఆవిడ కళ్ళు తడిశాయి. తమ్ముడు మునుపటికంటే మెత్తగా నడుపుతున్నాడని, మరదలే అనవసరంగా గోరంతని కొండంత చేస్తోందని అంది. మెత్తగా నడవక ఏం చేస్తుంది, కారు నడిపింది మేడమ్ అయితే. ఆ మాట ఆవిడ గొంతుదాకా వచ్చింది. అక్కగారి ముందు ఆ మాట అంటే ఆయన మొహం ఎలా అయిపోతుందో తలుచుకుని, వదినకి కాఫీ కలపడానికి లోపలికెళ్ళిపోయింది.

మనసులో మాత్రం భయం ఇల్లు కట్టుకుంది. ఆయన పగలు తూగుతున్నాడు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటున్నాడు. మాట మధ్యలో ఆగి, ఎదుటివాళ్ళు అందిస్తారేమోనని చూస్తున్నాడు. దగ్గరికెళ్తే ఊపిరిలో ఏదో వాసన, మగ్గిన పండు మూలన పెట్టి మర్చిపోతే వస్తుందే, అలాంటి తియ్యటి ముక్కవాసన. సిరప్ సీసా ఎత్తి చూసింది. ఉండాల్సినదానికంటే ఎక్కువుంది. నిలదీస్తే, ఆదివారం రోడ్డు మీద విరేచనానికి పరుగెత్తాల్సి వస్తుందని శనివారం నుంచే మానేస్తున్నానని ఒప్పుకున్నాడు. డ్రైవింగ్ బాగా వచ్చేస్తోంది కదా, ఇంక ఆ దరిద్రపు పాకం ఎందుకు అన్నాడు. ఆ కదా అన్న మాటకి జవాబు మేడమే నోట్లో దాచుకుని కూర్చుంది మరి.

ఆస్పత్రి రోజొచ్చింది. మేడమ్ దారిపొడుగునా అనుకుంటూనే ఉంది, ఈసారి చెప్పేస్తాను, డాక్టరమ్మని పక్కకి పిలిచి చెప్పేస్తాను అని. గదిలోకి వెళ్ళీ వెళ్ళగానే మాస్టారే ఎత్తుకున్నాడు. ఆదివారాలు కారు నడుపుతున్నానని, ఒక్క పొరపాటు జరగలేదని గొప్పగా చెప్పేశాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఇద్దర్నీ చూసింది. తను వద్దన్న పని ఎందుకు చేశారని కాస్త గట్టిగానే కేకలేసింది. తర్వాత మేడమ్ వైపు తిరిగి, మీరు రోజూ మనుషుల చేతులూ కాళ్ళూ కనిపెట్టి చూసే పనిలో ఉన్నారు, నా పరీక్షలకంటే మీ కన్ను నయం, నిజం చెప్పండి, ఎలా నడుపుతున్నారు అని అడిగింది.

మాస్టారు భార్య వైపు చూశాడు. పరీక్షకెళ్ళిన ప్రతి లెర్నరూ దిగే ముందు అలాగే చూస్తాడు. ఆవిడ కాలు నేల మీద మెల్లగా నొక్కుకుంది.

"బాగానే నడుపుతున్నారు" అంది.

డాక్టరమ్మ సిరప్ మోతాదు మార్చలేదు. బాగానే ఉన్నా సరే, ఇంకొన్ని పరీక్షలు చేసేదాకా కారు ముట్టుకోవద్దు, పాఠాలు అసలే వద్దు అని మళ్ళీ చెప్పి పంపింది. మేడమ్ తర్వాత ఫోన్ చేసి చెబుదామనుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో చుట్టాలు. మర్నాడు ఫోన్ చేతిలోకి తీసుకునేసరికి ఆయన పక్కనే కూర్చున్నాడు. ఇలాంటి పనులకి మంచి ముహూర్తం ఎప్పుడూ దొరకదు, చెడ్డ ముహూర్తం మాత్రం వెతుక్కుంటూ వస్తుంది.

అది క్లచ్ పిన్నిగారి రూపంలో వచ్చింది. ఆవిడకి ఫొటోకాపీ షాపుంది, మనిషి బంగారం. ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటున్నా క్లచ్ మీదనుంచి కాలు తియ్యదు, అందుకే ఆ పేరు. డ్రైవింగ్ టెస్టులో రెండుసార్లు తప్పింది. మాస్టారు బాగైపోయాడని అక్కగారి ద్వారా విని, నేర్పితే ఆయనే నేర్పాలి, మూడోసారి తప్పితే షాపు ముందు తలెత్తుకోలేను అని బతిమాలింది. మాస్టారు సరేనన్నాడట. మేడమ్‌కి ఆ సంగతి తెలిసి ససేమిరా కుదరదంది. డాక్టరమ్మ చెప్పింది గుర్తులేదా అని అడిగింది.

"డాక్టరమ్మ కారులో కూర్చుందా? నువ్వు కూర్చున్నావు. బాగానే నడుపుతున్నారని నువ్వే చెప్పావుగా. నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కాదు" అన్నాడాయన.

ఇప్పుడు నిజం చెబితే ఆ నిజం ఎన్ని ఆదివారాలు వెనక్కి వెళ్ళి తగులుతుందో మేడమ్‌కి కనబడింది. సాయంత్రం నెమ్మదిగా కూర్చోబెట్టి చెబుతాను, ఈపూట టెస్టు ఆఫీసులో పని చూసుకుని వచ్చేస్తాను అనుకుంది. కారు తాళం మేకుకే ఉంది. దాస్తే ఎందుకు దాచావంటాడని దాచలేదు. స్కూటర్ వేసుకుని వెళ్ళింది.

ఆఫీసులో క్యూలో నిలబడింది కానీ మనసు నిలబడలేదు. తన వంతు రాకుండానే తిరిగొచ్చేసింది. ఇంటి ముందు కారు లేదు. వరండాలో ఖాళీ కుర్చీ, దాని పక్కన ఆయన చెప్పులు. చెప్పుల్లేకుండా వెళ్ళాడు. మేడమ్ స్కూటర్ దిగకుండానే వెనక్కి తిప్పింది.

ఎటు వెళ్ళాలో ఆలోచించక్కర్లేదు. ఆ స్కూల్లో లెర్నర్లందరికీ దారి ఒక్కటే. ట్యాంకు చుట్టూ తిరిగి, ఫ్లైఓవరెక్కి, సిగ్నలు దగ్గర దిగడం. మేడమ్ దారంతా రోడ్డు మీద మనుషులు గుంపుగా నిలబడ్డారేమోనని చూస్తూ పోయింది. ఎక్కడా లేరు. లేకపోయిన ప్రతిచోటా ఇంకాస్త భయం పెరిగింది. ఫ్లైఓవరు నడినెత్తికి చేరేసరికి ఎదర పల్లంలో తమ కారు కనబడింది. పైన లెర్నర్ బోర్డు పెట్టుకుని నెమ్మదిగా దిగడం మొదలుపెట్టి, అంతలోనే జోరందుకుంటోంది. కింద సిగ్నలు ఎర్రగా ఉంది. మనుషులు రోడ్డు దాటుతున్నారు, ఎవరో పసిపిల్లని చంకనేసుకున్నావిడ, ఓ నీళ్ళ క్యాన్ల బండి.

వెనక బ్రేకు లైటు వెలగలేదు. మేడమ్ ఆ లైటు వైపే చూస్తూ స్కూటర్ మీద తన కాలు నొక్కుతోంది, ఆ కాలు కింద ఏమీ లేదు. వెయ్యండి, వెయ్యండి అని పైకే అంటోంది. వెలగలేదు. పసిపిల్ల తల్లి తలతిప్పి చూసి ఆగిపోయింది. అప్పుడు ఒక్కసారి లైటు భగ్గుమంది. కారు గుర్రంలా ఎగిరి, అడ్డంగా తిరిగి, గీత దాటి నిలిచిపోయింది. ఇంజను ఆగిపోయింది. నీళ్ళ క్యాన్ ఒకటి దొర్లుకుంటూ వచ్చి టైరుకి తగిలి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

మేడమ్ వెళ్ళేసరికి క్లచ్ పిన్నిగారు స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని వదలట్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదీయాల్సొచ్చింది. బండివాడు తిట్టే తిట్లు ఆవిడ చెవికెక్కలేదు.

"మాస్టారు వేస్తారని చూశానమ్మా" అంది. "ఎప్పుడూ ఆయనే చూసుకుంటారుగా అని ధైర్యంగా ఉన్నాను. ఎంతకీ ఆగకపోతే పక్కకి చూశాను. నవ్వుతూ కూర్చున్నారు. ఇంక నేనే ఏదో తొక్కేశాను."

మేడమ్ అటు తలుపు తీసింది. మాస్టారు రెండు కాళ్ళూ సీటు మీదకి మడుచుకుని, భోజనానికి కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండో బ్రేకు కింద ఒంటరిగా ఉంది. ఆయన భార్యని చూసి, రహస్యం చెబుతున్నట్టు దగ్గరికి వంగాడు. ఆ మగ్గిన వాసన గుప్పుమంది.

"చూశావా?" అన్నాడు. "ఆవిడకి తెలియకుండా ఎలా వేశానో."

మేడమ్ రోడ్డు మధ్యలో నిలబడి ఏడ్చింది. ఎవరు చూస్తారోనని ఎప్పుడూ పట్టించుకునే మనిషి, ఆరోజు పట్టించుకోలేదు. తర్వాత స్కూటర్ని పక్క షాపు ముందు పడేసి, ఇద్దర్నీ వెనక సీట్లోకి ఎక్కించి, తిన్నగా ఆస్పత్రికి తోలింది. దారిలో ఆయన మనం ఎటు వెళ్తున్నాం అని అడిగాడు. చెప్పింది. కాసేపటికి మళ్ళీ అడిగాడు. క్లచ్ పిన్నిగారు ఆయన చెయ్యి పట్టుకుని, ఈసారి తను చెప్పింది. ఆస్పత్రి గేటు చేరేసరికి ఆయన అడగడం మానేసి, కిటికీ అద్దం మీద వేలితో గుండ్రాలు గీస్తున్నాడు. మేడమ్‌కి ఆ అడగకపోవడమే ఎక్కువ భయం వేసింది.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ ముందుకి చాచి, బండ్లని ఆపుతున్నట్టు అరచేతులు ఎత్తి పట్టుకోమంది. మాస్టారు ఉత్సాహంగా పట్టాడు. మణికట్లు నిలబడలేదు. గాలికి తలుపు రెక్కలు కొట్టుకున్నట్టు చేతులు పడుతూ లేస్తూ ఉన్నాయి. ఆయన వాటివైపు ఇవెవరివి అన్నట్టు చూశాడు.

ఎప్పట్నుంచి ఇలా ఉంది అని డాక్టరమ్మ అడిగింది. మొన్న బాగానే నడుపుతున్నారని చెప్పారు కదా అంది. ఆ గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది.

"బాగా నడిచింది కారండీ" అంది మేడమ్. "నడిపింది నేను."

మొదలుపెట్టాక ఇంక ఆగలేదు. సైకిలు దగ్గర్నుంచి చెప్పింది. తెలియకుండా బ్రేకు వేసింది చెప్పింది, మలుపుల్లో వేలు పెట్టింది చెప్పింది, సిరప్ మానేస్తున్నాడని తెలిసీ పైకి చెప్పలేకపోయింది చెప్పింది. ప్రతి వారం ఎక్కువసార్లు వెయ్యాల్సొచ్చేదని, చివరి ఆదివారం ఒక్క మలుపు కూడా ఆయన తనంతట తాను తిప్పలేదని చెప్పింది. ఎదురుగా మాస్టారు వింటూనే ఉన్నాడు. ఆయన మొహం చూడలేక ఆవిడ గోడకున్న స్విచ్చుల వైపు చూస్తూ చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూ, ఇది ముందే తెలిసుంటే మందు ఆరోజే మార్చేదాన్ని అని మాత్రం అంది. ఈపూట గడిస్తే చూద్దాం అని నర్సుకి పురమాయించి, ఏవో సీసాలు తెమ్మంది.

మేడమ్ అప్పుడు మొగుడి వైపు తిరిగింది. తిట్టినా సరే, కొట్టినా సరే, ఏదో ఒకటి పడాలనుకుంది. ఆయన నుదురు ముడివేసి, కొత్త బ్యాచ్ గురించి మాట్లాడుకునేటప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు.

"ఎవరే ఆ లెర్నరు?" అన్నాడు.

ఆవిడ మంచం మీది దుప్పటి ఆయన కాళ్ళ మీదకి లాగింది.

"పెద్దవాడా?"

"పెద్దవారేనండీ."

"మనకి కావలసినవాడా?"

"చాలా కావలసినవారు."

మాస్టారు వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. జాలిపడినట్టు నాలుక చప్పరించాడు. "అయినా సరే, అతన్ని రోడ్డు మీదకి వదలకు. ఎవరినో ఒకరిని చంపేస్తాడు. ఇన్నాళ్ళు చెప్పకుండా ఎందుకు ఊరుకున్నావు, పాపం, అతనికి తెలియాలి కదా" అన్నాడు. నర్సు వచ్చి ఆయన చెయ్యి తిప్పి నరం కోసం వెతుకుతోంది. ఆయన అది పట్టించుకోకుండా భార్యనే చూస్తూ, "నీకు మొహమాటం. నువ్వు చెప్పలేకపోతే నన్ను తీసుకెళ్ళు, నేను చెబుతాను అతనికి" అన్నాడు.

మేడమ్ మంచం పక్కన కూర్చుని, సూది గుచ్చని చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"మీరే చెప్పండి" అంది.